ఈశాన్య మూల బంతి

తామరపురుగుకు భయపడి ఊరు విడిచినవాళ్లం మేము. జమ్మలమడుగు పక్కన మా మిరప చేను వరుసగా రెండేళ్లు నల్లతామర పాలయింది. ఆకు ముడుచుకుంది, పూత రాలింది. ఈ ఏడు గొర్రెలన్నీ అమ్మేసి పులివెందుల దగ్గర చేను కౌలుకు తీసుకున్నాం. అటువైపు ఆ పీడ ఇంకా రాలేదన్నారు. ఇది కూడా పోతే అమ్ముకోవడానికి మా దగ్గర ఇంకేమీ లేదు.

నా భార్య తిరుపాలమ్మది ఒకటే పట్టు. నారు నాటే రోజు ఈశాన్య మూల రాయి నిలిపి, పసుపు పూసి, సొంత చేని పూలే పెట్టాలి. పాత చేని గట్టు మీది బంతిపూలు సంచి నిండా కోసి, ప్రొద్దుటూరులో బస్సు మారి, ఒళ్లో పెట్టుకొని తెచ్చింది.

"పులివెందులలో పూలే దొరకనట్టు!" అని వెక్కిరించాను.

"కొన్న పూలు భూతల్లికి పెడతారా యాడన్నా?" అని కసిరింది.

పూజ పూలు తొక్కకూడదని ఆ మూలే మట్టిలో కలిపింది. వాటి గింజలు మొలిచి పూశాయి. రోజూ వాటికి నీళ్లు పోసి మొక్కేది.

మిరప పూతకొచ్చాక సరిగ్గా ఆ మూల సాళ్లే ముడుచుకున్నాయి. రైతు సేవా కేంద్రం నుంచి వ్యవసాయ సహాయకురాలు గౌసియాను పిలుచుకొచ్చాను. ఆ పిల్ల మిరప పువ్వును తెల్లకాగితం మీద తట్టింది. ఆవగింజలో సగం కూడా లేని నల్లటివి గబగబా పాకాయి.

"ఈ పక్క యాడా లేదు మామా. ఇది మిరప మీదే కాదు, పత్తి మీద, బొప్పాయి మీద, బంతిపూలలో కూడా బతుకుతాది. ఆ బంతి యాడిది?"

"మా ఊరిది."

"ముందు దాన్ని పీకి కాల్చేయ్. అట్లయితే మిగిలిన చేనన్నా దక్కుతాది."

గౌసియా వెళ్లిపోయింది. పీకకపోతే పంట పోతుంది. పీకితే పురుగును తెచ్చింది ఎవరో తిరుపాలమ్మకు తెలుస్తుంది. అంతకన్నా ఆ పూలు నేనే నా చేత్తో తెచ్చి ఉంటే బాగుండేదనిపించింది. చివరికి వంగి ఒక మొక్క పట్టుకున్నాను.

వెనక చెంబు కిందపడిన చప్పుడైంది.

"పూజ చెట్టు పీకుతాండావా? మతి పోయిందా నీకు?"

"పురుగు పట్టిందే దీనికి."

"దీనికేం పట్టింది? ఎంత పచ్చగుందో కండ్లు పెట్టి చూడు!"

నన్ను అబద్ధాలకోరును చేయాలని ఓ పువ్వు తెంపింది. వద్దన్నాను. వినలేదు. అరచేతిలో గట్టిగా తట్టి నా ముందుకు చాచింది.

చేతిలో అవి పాకుతున్నాయి. చాలాసేపు చూసింది. మిరప సాళ్లను చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు దులుపుకుంది. మళ్లీ మళ్లీ దులుపుకుంటూనే ఉంది.

"ఒళ్లో పెట్టుకొని తెచ్చినానే," అంది.