పోయొస్త

మనసు చితికినవాళ్ళను ఆదుకోవడమెలాగో ఆఫీసులో రెండు రోజులు నేర్పి, రూబీ మెడలో ఆకుపచ్చ బ్యాడ్జీ వేశారు. అనుమానం వస్తే నీళ్ళు నమలకుండా "చచ్చిపోవాలని ఉందా?" అని సూటిగా అడగాలట.

ఆ సాయంత్రమే, వారం రోజులుగా ఎవరితోనూ మాట్లాడని పక్క సీటు జాషువా లిఫ్టెక్కుతూ, "పోతున్న, అక్కా" అన్నాడు.

"పోతున్న అంటరా ఎవరన్న? పోయొస్త అనాలె," అని కసిరింది రూబీ, వాళ్ళ నానమ్మ కసిరినట్టే.

"పోయొస్త," అని బుద్ధిగా నవ్వాడు. తలుపులు మూసుకున్నాయి.

అప్పుడు తట్టింది అడగాల్సిన ప్రశ్న. మెట్ల మీద పడుతూ లేస్తూ దిగేసరికి గేటు దగ్గర అతను లేడు. ఎన్నిసార్లు చేసినా ఫోను స్విచాఫే.

వస్తానన్నాడు కదా అని మనసుకు సర్దిచెప్పుకోబోయింది. ఆ మాట అనిపించింది తనే.