లోడు మీద అరగంట

మోటార్లకు వైండింగ్ చేసే మనిషికి ముక్కే సగం పనిముట్టు. మిగతా సగం చేతులు. అక్కకు చేతులు ఈమధ్య మొరాయిస్తున్నాయి. పొద్దున లేవగానే కుడి బొటనవేలు వంగదు, వేడినీళ్ళలో పెట్టి బతిమాలితే గానీ దారికి రాదు. ముక్కు మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు సెలవడగలేదు. చెడిపోయిన మోటారును గుమ్మంలో దించితే చాలు, మూత విప్పకుండానే కాయిల్ మాడిందో బేరింగు అరిగిందో చెప్పేస్తుంది.

అలాంటి మనిషి ఆ గురువారం మధ్యాహ్నం షాపుకు తాళం వేసి, తమ్ముడి వెంట ముక్కూ మొహం తెలియని వాడి ఫ్లాటుకు మూడంతస్తుల మెట్లెక్కుతోందంటే ఊరికే కాదు.

తండ్రి పోయాక షాపు అక్క మీద పడింది. బెంచీ ముందు రెండు స్టూళ్ళు. ఒకటి ఆవిడది, రెండోది నాలుగేళ్ళుగా ఖాళీ. అది తమ్ముడిదని ఆవిడ మనసులో ఎప్పుడో రాసిపెట్టుకుంది. ఆ పెద్దమనిషికేమో కంప్యూటర్ ఆటలు. పనీపాటా లేక ఆడుతున్నాడని మాత్రం అనుకోకండి, వాడు నిజంగానే ఆడగలడు. జీతమిచ్చి ఆడించే జట్లు కూడా ఉన్నాయట. ఇద్దరూ గొంతులు చించుకుని, అలిగి, రెండు రోజులు మూతులు ముడుచుకుని, చివరికి ఒక మాట అనుకున్నారు. ఏడాది గడువు. ఈలోపు ఏదో ఒక జట్టులో చోటు దొరికితే వాడి దారి వాడిది. దొరక్కపోతే మారుమాట్లాడకుండా వచ్చి రెండో స్టూలు మీద కూర్చోవాలి.

ఆ ఏడాది ఈ ఆదివారంతో సరి. ఆ రోజే ఒక పెద్ద జట్టు వాళ్ళు వాణ్ణి ఇంటి నుంచే నాలుగు గంటలు ఆడించి చూస్తామన్నారు. అదేం పాపమో, సరిగ్గా పోయిన వారమే వాడి పాత కంప్యూటర్ కన్నుమూసింది.

అంతా బిగించి అమ్మే కొత్తది కొనే స్తోమత లేదు. ఒక్కొక్క భాగం ఏరుకుని ఇంట్లో బిగించుకోవడమే దారి. తమ్ముడు ఒక కాగితం మీద జాబితా రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, దాన్ని చిల్లులు పడేదాకా నలిపాడు. ప్రాసెసర్ రెండేళ్ళ కిందటి రకం. ర్యామ్ సగం ఇప్పుడు, సగం తర్వాత. క్యాబినెట్ మూల సొట్ట పడిందని షాపువాడు తగ్గించి ఇచ్చింది. అంతా సజావుగానే కుదిరింది, పవర్ సప్లై దగ్గర తప్ప. అక్కడ వాడు చవక పెట్టె రాశాడు. అక్క కలం తీసుకుని దాన్ని కొట్టేసింది.

"ఇంకెక్కడైనా తగ్గించుకో, కరెంటిచ్చే పెట్టె దగ్గర తగ్గించకు. అది పోతే ఒక్కటే పోదు, పక్కనున్న వాటన్నిటినీ వెంటబెట్టుకుపోతుంది."

"నీ పెట్టె నా గ్రాఫిక్స్ కార్డు డబ్బులు మింగేసిందక్కా," అన్నాడు వాడు. అందులోనూ అబద్ధం లేదు. తెర మీద బొమ్మ గీసేది ఆ కార్డే. ఆటల కంప్యూటర్‌కు గుండెకాయ అదే, ఖరీదులో పెద్దన్నా అదే. మిగిలిన డబ్బుకు కొత్తది చిన్నదే వస్తుంది. పెద్దది కావాలంటే ఎవరో వాడిందే గతి. అలా వెతగ్గా వెతగ్గా దొరికాడు ఈ మూడో అంతస్తు కళ్ళజోడాయన.

కళ్ళజోడాయన గదిలో మంచానికన్నా అట్టపెట్టెలే ఎక్కువ. బల్ల మీద మూతలేని కంప్యూటర్, దాని పక్కన మెత్తటి గుడ్డ మీద కార్డు. నల్లగా, మూడు ఫ్యాన్లతో, అద్దంలా తుడిచి ఉంది.

"ఆరు నెలలు కూడా వాడలేదు బ్రదర్. అవసరం పడి అమ్ముతున్నా. నాలుగింటికి ఇంకో పార్టీ వస్తున్నారు, మీరు ముందు ఫోన్ చేశారని మిమ్మల్ని రమ్మన్నా."

అప్పటికి మూడూ పది. ఆయన కార్డు బిగించి, చిన్న ఆటొకటి పెట్టి పది నిమిషాలు చూపించాడు. తెర మీద నీళ్ళు నీళ్ళలాగే కదిలాయి, ఆకులు ఆకుల్లాగే ఊగాయి. తమ్ముడి కళ్ళు తెరకు అతుక్కుపోయాయి. ఆయన కార్డు విప్పి చేతికిచ్చాడు. వాడు దాన్ని అక్కకిచ్చి, డబ్బు తీయడానికి సంచీ విప్పాడు.

చేతికొచ్చిన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆవిడకు అలవాటు. ఇందులో ఆలోచించిందేమీ లేదు. ముందు స్పిరిట్ వాసన, కొత్తగా తుడిచిన వాసన. దాని అడుగున ఇంకేదో ఉంది. తియ్యగా, పుల్లగా, గొంతు వెనక గీరే వాసన. మాడిన వార్నిష్, కాయిల్ తీగలకు పూసేది.

వెంటనే అనుమానం కూడా వచ్చింది. వార్నిష్ వాసన ఆవిడ చేతులకు ఎప్పుడూ ఉండేదే. ఏది చేతులదో, ఏది కార్డుదో? ఆ అనుమానం వెనకాలే, పిలవని పేరంటంలా, ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. ఇది మాడిందే అయితే ఆదివారం నాలుగు గంటలు నిలబడదు. నిలబడకపోతే వాడు ఓడతాడు. సోమవారం రెండో స్టూలు నిండుతుంది, ఈ బొటనవేలికి విశ్రాంతి దొరుకుతుంది. ఆవిడ చేయాల్సిందల్లా నోరు మూసుకోవడమే. ఎవరూ తప్పు పట్టరు. కంప్యూటర్ల సంగతి ఆవిడకేం తెలుసని?

ఛీ, ఇదేం బుద్ధి అనుకుంది. సిగ్గేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు, అక్కడే ఉంది.

"బాబూ, చేతులు కడుక్కోవచ్చా?"

స్నానాలగదిలో సబ్బుతో మోచేతుల దాకా మూడుసార్లు రుద్దింది. గోళ్ళ సందుల్లో కూడా రుద్దింది. తుడుచుకుని, అరచేతులు వాసన చూసుకుంది. సబ్బు తప్ప ఏమీ లేదు. వచ్చి కార్డును మళ్ళీ తీసుకుని అంచు దగ్గర ముక్కు పెట్టింది. అక్కడ చిన్న చిన్న డబ్బాల్లా వరసగా ఏవో ఉన్నాయి.

"వీటినేమంటారు?"

"కాయిల్స్ అక్కా," అన్నాడు తమ్ముడు నోట్లు మడత పెడుతూ. "నీ మోటార్లలో ఉండేవే, బుల్లివి."

మూడో దాని దగ్గర వాసన ఉంది. దాని టంకం కూడా, ఎవరో విప్పి మళ్ళీ అతికినట్టు, పక్కవాటికన్నా ఎక్కువ మెరుస్తోంది. పైన పటారం, లోన లొటారం.

"ఇది ఒకసారి కాలిందిరా," అంది. అనేశాక ఊపిరి తీసుకుంది.

కళ్ళజోడాయన నవ్వాడు. "మేడమ్, మీ ముందే కదా పది నిమిషాలు నడిచింది."

"ఖాళీగా తిప్పితే కాలిన మోటారూ తిరుగుతుంది బాబూ. లోడు మీద పెట్టాలి. దీనికి చేతనైనంత బరువు పని ఇచ్చి అరగంట నడపండి."

"అంత టైమ్ లేదండీ. కొంటే కొనండి, లేకపోతే లేదు."

తమ్ముడు అక్క మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళాడు. గొంతు తగ్గించాడు గానీ కోపం తగ్గించలేదు.

"నాకు తెలీదనుకోకు. నేను ఓడిపోవాలి, వచ్చి నీ పక్కన కూర్చోవాలి, నీకు కావాల్సింది అదే కదా. ముందు పవర్ సప్లై పేరు చెప్పి డబ్బు తగ్గించావు. ఇప్పుడు వాసనంటున్నావు. కంప్యూటర్‌ను వాసన చూసి కొంటారా ఎక్కడైనా?"

వాడు పూర్తిగా అబద్ధం చెప్పుంటే అక్క వాడి చెంప పగలగొట్టేది. సగం నిజం చెప్పాడే, ఆవిడేం చేస్తుంది? ఓడిపోతే బాగుండునని ఐదు నిమిషాల కిందట ఆవిడ మనసు అనుకోలేదా? తన లాభం ఉన్నచోట తన సాక్ష్యం ఎవరు నమ్ముతారు? తనే అయినా నమ్మదు. లోపల కళ్ళజోడాయన ఫోన్లో ఎవరితోనో, వచ్చేయండి, ఇంకా ఉంది, అంటున్నాడు.

"ఒరేయ్, విను. మన ఒప్పందం రద్దు."

"ఏంటి?"

"ఆదివారం నెగ్గినా ఓడినా నువ్వు షాపుకు రానక్కర్లేదు. ఏడాది కాకపోతే పదేళ్ళు ఆడుకో. నాన్న మీద ఒట్టు. ఇప్పుడు నువ్వు ఓడితే నాకొచ్చేదేమీ లేదు. ఇప్పుడు చెప్తున్నా, ఆ కార్డు కాలింది."

వాడు ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత గదిలోకి వెళ్ళి అన్నాడు, "అరగంట లోడు మీద పెట్టండి. లేకపోతే నాకొద్దు."

కళ్ళజోడాయన గడియారం చూసి, విసుక్కుంటూనే మళ్ళీ బిగించాడు. తెర మీద ఏదో బరువైన పరీక్ష మొదలైంది. మూడు ఫ్యాన్లూ హోరెత్తాయి. మూడూ ముప్పై ఐదు.

ఐదు నిమిషాలు. పది. ఏమీ కాలేదు. తమ్ముడు గోళ్ళు కొరుకుతున్నాడు. అక్క కొంగు వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తోంది. ఇరవై నిమిషాలయ్యాయి. "చూశారా మేడమ్," అన్నాడు కళ్ళజోడాయన. ఆవిడ చూస్తూనే ఉంది. ఇది పాడవకపోతే తన పరువు పోయినట్టే. తమ్ముడూ పోయినట్టే, ఒట్టు కూడా వేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముక్కే తప్పు చెప్పిందా? ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆవిడకు దాని మీద నమ్మకం కదిలింది.

తలుపు గంట మోగింది. రెండో పార్టీ. హెల్మెట్ చేత్తో పట్టుకున్న నడివయసు మనిషి. వచ్చి ఆయనా నిలబడ్డాడు. నలుగురూ తెరనే చూస్తున్నారు.

ఇరవై ఆరో నిమిషంలో తెర మూల ఒక ఆకుపచ్చ చుక్క పడింది. అది రెండైంది. తర్వాత తెరంతా అడ్డంగా గీతలు. తర్వాత నలుపు. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, ఆ వాసన ఈసారి అందరికీ తగిలింది.

"కరెంటు హెచ్చుతగ్గులండీ," అన్నాడు కళ్ళజోడాయన మొహం చిన్నబుచ్చుకుని. తెలిసే అమ్మబోయాడో, తనూ మోసపోయి కొన్నాడో ఎవరికెరుక. హెల్మెట్ మనిషి వచ్చిన దారినే దిగిపోయాడు.

మెట్లు దిగుతుంటే తమ్ముడి నోరు ఆగలేదు. కొత్తదే చిన్న కార్డు తీసుకుంటాడట, బొమ్మ అందం కాస్త తగ్గుతుందట, వేగం సరిపోతుందట. సాయంత్రమే వెళ్ళి తెచ్చుకున్నాడు కూడా. శుక్రవారం బిగించాడు. స్విచ్చు నొక్కితే ఒక్క క్షణం నల్లగా ఉండి, ఆ తర్వాత వెలిగింది. ఇంత జరిగినా ఒప్పందం ఊసు ఎత్తలేదు. రద్దు చేశావేమిటని గానీ, నీ చేతుల సంగతేమిటని గానీ, ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. ఏరు దాటాక తెప్పతో ఏం పని అనుకుంది అక్క.

శనివారం ఆవిడ నల్లబోర్డు తీసి సుద్దముక్కతో రాసింది: వైండింగ్ పనికి మనిషి కావాలి. నేర్పిస్తాం. షాపు తలుపు పక్కన తగిలించింది.

ఆదివారం ఎనిమిదింటికి తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు, ఎక్స్‌టెన్షన్ బోర్డు కావాలని. తలుపు పక్కన నల్లబోర్డు దగ్గర ఆగిపోయాడు.

"అక్కా, ఆ మాట నిజంగానే అన్నావా?"

"ఏ మాట?"

"రద్దని. నన్ను ఆపడానికి అన్నావనుకున్నా. అంత మాటన్నావంటే కార్డు కాలింది నిజమేననుకున్నా. రద్దన్న మాట కూడా నిజమేననుకోలేదు. ఒప్పందం అలాగే ఉందనే అనుకుంటున్నా ఇప్పటిదాకా."

"లోడు మీద నిలవని మాట నేనెప్పుడన్నా అన్నానా?" అంది అక్క, ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతకడానికి లోపలికి వెళ్తూ. కళ్ళు తుడుచుకోవడానికి అక్కడ కాస్త ఎక్కువసేపే పట్టింది. తిరిగొచ్చి ఇచ్చింది. వాడు వేళ్ళకంటిన సుద్దపొడి ప్యాంటుకు తుడుచుకుని, దాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

రెండు దాటాక ఫోను మోగింది.

"తీసుకున్నారక్కా."

"కార్డు నిలబడిందా?"

"నాలుగు గంటలూ నిలబడింది."

"సరే, అన్నం తిను," అంది. పెట్టేశాక ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది, అందులో సందేహం లేదు. దుఃఖం కూడా ఉంది.

గుమ్మంలో ఎవరో అమ్మాయి నిలబడి ఉంది, చేతిసంచీ గుండెకు అదుముకుని.

"పనికి మనిషి కావాలని రాశారు కదండీ. నాకేమీ రాదు, నేర్పిస్తామన్నారని వచ్చాను. కానీ కింద రెండో లైను అర్థం కాలేదు."

రెండో లైనేమిటని అక్క బయటికొచ్చి చూసింది. తన అక్షరాల కింద, కుడివైపుకు ఒరిగిన తమ్ముడి దస్తూరీ: ముక్కు చెప్పింది నమ్మాలి. మా అక్క ముక్కు ముఖ్యంగా.

అక్క లోపలికి వెళ్ళి, బెంచీ కింద నుంచి రెండో స్టూలు బయటికి లాగి, కొంగుతో దుమ్ము తుడిచింది.

"రా, కూర్చో," అంది. "ముందు ఈ మోటారు వాసన చూడు."