బ్లడ్‌బ్యాంక్-నోట్

ఆసుపత్రి బ్లడ్‌బ్యాంకులో కంప్యూటర్ల పని చూసే అమ్మాయికి తన పై అధికారి అంటే ఒళ్లు మంట. ఏ పని మొదలుపెట్టినా ఆగమనే ఆవిడకు అందరూ అడ్డుపుల్ల అక్క అని పేరు పెట్టారు.

రోగుల వివరాలు ఒక విభాగం నుంచి మరో విభాగానికి మామూలు అక్షరాల ఫైలుగా వెళ్లేవి. ఫైలు పైభాగాన ఒక్కో వరుసకు ఒక పేరు, దాని పక్కన వివరం. ఎవరికి ఎలాంటి రక్తం పడదో రాయడానికి అమ్మాయి కొత్త వరుస చేర్చి, దానికి 'నోట్' అని పేరు పెట్టింది. మిగతా విభాగాలవాళ్లు తాము పంపే ఫైళ్లలో తమ వరుసలకు పెట్టుకున్నదీ అదే పేరు.

అక్క ఒప్పుకోలేదు.

"నోట్ అని ఎవరైనా పెడతారు. రేపు ఇంకోడు అదే పేరుతో వచ్చి నీ రాత మీద రాసేస్తాడు. ముందు మన విభాగం పేరు తగిలించు."

పదకొండు చోట్ల మార్చాలి. అమ్మాయి రెండు రోజులు సణుక్కుంటూ 'బ్లడ్‌బ్యాంక్-నోట్' అని మార్చింది.

రెండేళ్లకు ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఫైలు చేరిన సమయాన్ని అది 'నోట్' వరుసలో రాసేది, అక్కడ అంతకుముందున్నది తుడిచేసి మరీ. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

మూడో రోజు పొద్దున్నే కాన్పుల వార్డు నర్సు ఫోన్ చేసింది. ఒక బాలింతకు రక్తస్రావం ఆగడం లేదట. అమ్మాయి ఫైలు తెరిచింది. గ్రూపు కలిసినా ఈమెకు ఏది దొరికితే ఆ రక్తం ఎక్కించకూడదని బ్లడ్‌బ్యాంకు వరుస చెక్కుచెదరకుండా చెబుతోంది. దాని కింద, వార్డువాళ్లు రాసుకున్న 'నోట్'లో మాత్రం సమయం తప్ప ఏమీ లేదు.

సరిపోయే రక్తం వెతికించి పంపేశాక, అమ్మాయి అక్క గదికి పరుగెత్తింది.

"ఆ రోజు మిమ్మల్ని తిట్టుకున్నానక్కా."

"తెలుసు. నాకు వినపడేలాగే తిట్టుకున్నావు."

అక్క కుర్చీ లాగి కూర్చోబెట్టి, మిగతా విభాగాల పాత కాపీలు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఆపించి, ఒక్కో విభాగం నోట్‌కూ ఆ విభాగం పేరు తగిలిస్తూ, పోయిన రాతలన్నీ ఇద్దరూ తిరిగి ఎక్కించారు. మధ్యాహ్నం భోజనం మాటే గుర్తు రాలేదు.

సాయంత్రం నర్సు మళ్లీ ఫోన్ చేసింది. తల్లికి గండం గడిచిందని, వార్డువాళ్లమంతా మీకు రుణపడి ఉన్నామని అంది. అమ్మాయి ఫోను అక్క చేతికిచ్చింది.

అక్క కాసేపు విని, కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇంతకీ బిడ్డ ఎలా ఉంది?"