మీసం కింద మాస్కు

మీసాల మేస్త్రికి తనమీద తనకు చాలా గొప్ప అభిప్రాయం. అందులో సగం పనితనానిది, మిగతా సగం మీసానిది. పాత భవనాల గోడలకు కొట్టిన ఆస్బెస్టాస్ రేకులు విప్పడంలో తనను మించినవాడు లేడని ఆయనే చెప్పుకునేవాడు. ఇంకెవరైనా అంటారేమోనని చూసి చూసి, విసుగొచ్చి తానే మొదలుపెట్టాడు పాపం.

పాఠాలు మాత్రం దంచేసేవాడు. "రేకు తడపందే ముట్టుకోకూడదు. పగలగొట్టావో, చచ్చావన్నమాటే. మేకు తల కోసేసి మొత్తం రేకు మెల్లగా దించాలి. దాని దుమ్ము కంటికి కనబడదు, ఊపిరితిత్తుల్లో చేరి ఎప్పుడో ముసలితనంలో చెబుతుంది నీ పని."

కొత్తగా పనిలో చేరిన బావమరిది ఇదంతా నోరు తెరుచుకుని వినేవాడు. వాడి భార్యకు నెలలు నిండుతున్నాయి. "వాణ్ని నీ చేతుల్లో పెడుతున్నా, జాగ్రత్త" అని తమ్ముణ్ని అప్పగించింది మేస్త్రి భార్య. బావను చూసి వాడూ మీసం పెంచి కొసలు మెలితిప్పాడు. మేస్త్రి లోలోపల మురిసి ముక్కలయ్యాడు.

ఒక పాత బడి గోడరేకుల పని మొదలయ్యే ముందు సేఫ్టీ మేడమ్ అందరి మాస్కులూ పరీక్షించింది. మాస్కు పెట్టుకున్నాక తలమీద ప్లాస్టిక్ ముసుగు కప్పి, లోపలికి చేదు నీళ్లు పిచికారీ కొడుతుంది. నాలుకకు చేదు తగిలిందంటే మాస్కుకు సందు ఉన్నట్టే. ఆ సందులోంచి రేపు దుమ్మూ దూరుతుంది.

మేస్త్రి మీసం కొసలు మాస్కు అంచు కింద నలిగి బుగ్గలమీదికి పొడుచుకొచ్చాయి. పిచికారీ కొట్టగానే నోరంతా చేదు.

"తెలుస్తోందా మేస్త్రిగారూ?"

తెలుస్తోందంటే మీసం తీసేయమంటుంది. ప్రాణం కంటే మీసం ముఖ్యమా అని ఎవరైనా అడిగితే ఆయన కాసేపు ఆలోచించే రకం.

"అబ్బే, ఏం లేదమ్మా" అన్నాడు, గుటక వేసి.

తర్వాత బావమరిది వంతు. పిచికారీ కొట్టగానే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడూ గుటక వేశాడు.

"అబ్బే, ఏం లేదండీ."

వాడి కళ్లు చూడగానే మేస్త్రికి సంగతి అర్థమైంది. వాణ్ని పక్కకు లాక్కెళ్లాడు. "నిజం చెప్పు. చేదు తగిలిందా?"

"తగిలింది బావా. నోరు విషమైపోయింది."

"మరి లేదన్నావేంట్రా?"

"దుమ్ము పట్టకుండా ఇచ్చే మందేమో అనుకున్నా. నువ్వు కిక్కురుమనకుండా మింగేశావుగా. చేదంటే మానేస్తారేమోనని ఓర్చుకున్నా. పుట్టబోయే బిడ్డ ఉంది కదా, నాకు మోతాదు పూర్తిగా పడాలి."

మేస్త్రికి తన చెంప తానే వాయించుకోవాలనిపించింది. అంత సిగ్గేసింది.

"అది మందు కాదురా. నా మాస్కుకీ సందు ఉంది. మీసం పోతుందని అబద్ధం చెప్పాను."

వాడు బావ ముఖంలోకి చూశాడు. "తెలిసీ లేదన్నావా బావా?"

 మేస్త్రి మేడమ్ దగ్గరికి వెళ్లి, ఇద్దరమూ పరీక్ష తప్పామని చెప్పాడు. కుళాయి దగ్గర ఇద్దరూ మీసాలు నున్నగా గీసేసుకున్నారు. అద్దంలో మేస్త్రికి తన ముఖం ఎవరిదో పరాయివాడిదిలా కనిపించింది.

మళ్లీ పరీక్ష. బావమరిది నెగ్గాడు. తర్వాత మేస్త్రి ముసుగులోకి పిచికారీ కొట్టి, తెలుస్తోందా అని అడిగింది మేడమ్. ఈసారి నిజంగానే ఏమీ తెలియలేదు.

"లేదమ్మా" అన్నాడు మేస్త్రి.

"ఇంకోసారి కొట్టండి మేడమ్, మా బావకి" అన్నాడు బావమరిది.

మేస్త్రి ముసుగులోనే తల వంచి, రెండో పిచికారీకి సిద్ధమయ్యాడు.