ఎడమ పక్క నాబు

సూదక్క షెడ్డులో గోడకి ఒక స్క్రూడ్రైవర్ వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ వాడరు. మూడేళ్ళ కింద ఒక పెద్దమనిషి, కారు నాదే కదా అనుకుని, ఆవిడ టీ తెచ్చుకుని వచ్చేలోపు ఆ స్క్రూడ్రైవర్‌ని మీటరు రింగు కింద దూర్చి పైకి ఎత్తబోయాడు. ఆవిడ వచ్చింది, చూసింది, కారు తలుపు లాగి వేసేసింది. ఆయన రెండో చెయ్యి అప్పుడు తలుపు అంచు మీదే ఉంది. రెండు వేళ్ళు విరిగాయి. రింగుకి మాత్రం గీత పడలేదు.

"వేళ్ళయితే అతుక్కుంటాయి. ఆ రింగు మళ్ళీ ఎవడు చేసిస్తాడు?" అని, ఆయన అరుస్తూంటే, మిగిలిన టీ తాగింది మహాతల్లి.

పాత కార్ల డాష్‌బోర్డు విప్పడంలో ఆవిడకి సాటి లేరు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. రానిదాన్ని లాగకూడదు అనేవాడాయన. లోపల ఎక్కడో ఒకటి పట్టుకుని ఉంటుంది, ముందు దాన్ని వెతకాలి. నాబు కింద కంటికి కనపడనంత రంధ్రం ఉంటుంది, అందులోకి సూది పోనిచ్చి లోపలి పిన్ను నొక్కితే నాబు దానంతటదే చేతిలోకి వస్తుంది. అందుకే ఆవిడ సూదక్క అయింది. చేతికున్న ఓర్పులో వీసమెత్తు నోటికి లేదు, కోపానికి అసలే లేదు. పక్క షెడ్డులో కార్ల సొట్టలు తీసే తాత ఒకటే అంటాడు: "దీని చుట్టాలు కార్లయి పుట్టినా బాగుండేది!"

ఆ ఉదయం మరిది కారు తెచ్చాడు. సొంత చెల్లెలి మొగుడు. కారు వాళ్ళ తాతగారి నాటిది, అద్దంలా తుడిచి ఉంచుతాడు. దిగీ దిగగానే భుజం మీది మెత్తటి గుడ్డ తీసి, తన వేళ్ళు తగిలిన తలుపు పిడిని తుడిచాడు.

"గడియారం ఆగిపోయింది వదినగారూ. ఆదివారం పాత కార్ల పోటీ ఉంది. అది నడవకపోతే మార్కులు పోతాయి. గడియారం ఒక్కటే తియ్యండి. డాష్‌బోర్డులో ఆ ఎడమ పక్క నాబున్న అర ఉంది చూశారా, దాని జోలికి మాత్రం వెళ్ళకండి. ఒక్క గీత పడకూడదు."

"నా చేతిలో గీత పడడమా! పొద్దున్నే తాగొచ్చారా ఏంటి మరిదిగారూ?" అని తల లోపలికి పెట్టిందో లేదో, వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్న చెల్లెలు కనపడింది.

"ఇదేంటే, ముందు సీటు ఖాళీగా పెట్టుకుని వెనక మహారాణిలా? చిన్నప్పుడు ముందు సీటు కోసం నా జుట్టు పీకేదానివి కదే!"

చెల్లెలు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండు వారాల కింద బాత్రూములో జారిపడి ముందు పన్ను విరిగిందట. ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు సూదక్క జాలి పడలేదు. కళ్ళు నెత్తికెక్కి నడిస్తే అంతే, ఇంకోసారి పడ్డావంటే మిగతావి నేనే రాలగొడతా అని తిట్టి పెట్టేసింది.

మరిది పాలిష్ డబ్బా కొనుక్కొస్తానని బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ పెళ్ళాం వైపు వేలు చూపించాడు. "నువ్వు దిగకు. ఇక్కడంతా గ్రీజు. చెప్పులకి అంటితే మ్యాట్లు పాడవుతాయి."

కారుని తుడవడం తెలిసినవాడే గానీ, విప్పడం తెలిసినవాడు కాదు. ఆ గడియారాన్ని వెనక నుంచి చేత్తో తిప్పే చెవుల నట్లు రెండు పట్టుకుని ఉంటాయి. అక్కడికి చెయ్యి వెళ్ళాలంటే ఎడమ పక్క అర ఊడాలి, అర ఊడాలంటే దాని నాబు రావాలి. ఇంకో దారి లేదు. ఆ సంగతి తెలిసుంటే అతను ఆ కారుని వదినగారి గుమ్మంలోకి తెచ్చేవాడే కాదు.

సూదక్క ముందు సీటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. సూది పోనిచ్చింది. పిన్ను నొక్కుకుంది. నాబు మాత్రం కదల్లేదు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ పెట్టి వెచ్చబెట్టింది. ఘాటుగా వాసన కొట్టింది.

"ఎవడే ఈ బుద్ధిలేనోడు, దీంట్లో జిగురు పోశాడు?"

పక్క షెడ్డులో తాత సుత్తి దెబ్బలు ఒక్కటే వినిపిస్తున్నాయి.

సూదక్క సన్నటి నైలాన్ దారం తీసి నాబు వెనక్కి దోపింది. అటూ ఇటూ, అటూ ఇటూ, జిగురు మాత్రమే తెగేలా లాగుతూ కూర్చుంది. మధ్యమధ్యలో వెచ్చబెట్టింది. తొందరపడితే రంగు లేచిపోతుంది.

"అక్కా, అది వదిలెయ్యవా?"

"నువ్వు నోర్మూసుకుని కూర్చో."

అరగంటకి నాబు వచ్చింది. నిలువునా రెండుగా పగిలితే అతికించినది. దాన్ని పక్కనున్న బల్ల మీద గుడ్డలో పెట్టింది. అది ఊడిన చోట క్రోమ్ రింగు సందులో తెల్లటి ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. రంగు పెచ్చు అనుకుంది. సూది మొనతో తీసి అరచేతిలో వేసుకుంది. పెచ్చు కాదు, పన్ను. గుడ్డ దూరని ఆ సందు పొడుగునా నెత్తురు ఎండి నల్లబడి ఉంది.

సూదక్క వెనక్కి తిరిగింది. "మీ బాత్రూములో నాబులుంటాయటే?"

చెల్లెలు తన మోకాళ్ళ వంక చూస్తూ, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పుకొచ్చింది.

"కారు తలుపు గట్టిగా వేశానక్కా. జుట్టు పట్టుకుని ఆ నాబుకేసి కొట్టాడు. రెండుసార్లు. రెండోసారికి నాబు పగిలింది. అప్పుడు ఏడ్చాడు."

"నిన్ను చూసి ఏడ్చాడా?"

"నాబుని చూసి. జిగురు రాసి, ఆరేదాకా కదలకుండా పట్టుకో అన్నాడు. అరగంట పట్టుకున్నాను. నోట్లోంచి కారుతోంటే, మ్యాట్ మీద పడకూడదు, మింగు అన్నాడు."

సూదక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక తలుపు తెరిచి చెల్లెలి చెయ్యి పట్టుకుని లాగింది. "దిగు! దిగవే ముందు!" చెల్లెలు సీటు అంచు రెండు చేతులా పట్టుకుంది. "దిగమంటోంటే! రెండు వారాలు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా? నేను చచ్చాననుకున్నావా?" అంటూ చెంప మీద ఒక్కటిచ్చింది.

చెల్లెలు ఏడవలేదు. మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని, రెండు మోచేతులూ తలకి అడ్డం పెట్టేసుకుంది. రెప్ప వేసినంత సేపట్లో, బాగా అలవాటైన పనిలా పెట్టేసుకుంది.

"ఇందుకే నీకు చెప్పలేదు. చెప్తే నువ్వూ కొడతావు," అంది మోచేతుల మధ్య నుంచి.

సూదక్క చెయ్యి భగ్గున మండుతోంది. ఆ చేత్తోనే చిన్నప్పుడు జడ వేసింది, ఆ చేత్తోనే లెక్క తప్పు చేసిన ప్రతిసారీ బాదింది. చెయ్యి వెనక్కి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పుడే వచ్చాడు మరిది. బల్ల మీద గుడ్డలో ఉన్న నాబుని చూశాడు.

"ముట్టుకోవద్దన్నానా లేదా?"

రెండు చేతులతో ఒక్క తోపు తోశాడు. సూదక్క తల వెళ్ళి బల్ల అంచుకి కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. అవి తేరుకునేసరికి వాడు వెనక తలుపులోంచి చెల్లెలి జుట్టు పిడికిట్లో పట్టి ఊపుతున్నాడు. "నువ్వే చెప్పావు కదూ? నువ్వే కదూ?"

సూదక్క బల్ల మీద చేతికందిన రెంచి తీసింది. వాడి మణికట్టు మీద దించింది. ఎండు పుల్ల విరిచినట్టు వినపడింది. వాడు కేక పెట్టి జుట్టు వదిలేశాడు గానీ, తిరిగి ఆవిడ కడుపులో తన్నాడు. రెంచి ఎగిరిపోయింది. కింద పడ్డ ఆవిడని మళ్ళీ తన్నాడు. ఆవిడ వాడి కాలు దొరకబుచ్చుకుని పిక్క కొరికింది, నోరంతా ఉప్పుగా అయ్యేదాకా వదల్లేదు. వాడు మీద పడి, బాగున్న చేత్తో గొంతు పట్టాడు. మోకాలు రొమ్ము మీద పెట్టి బరువంతా వేశాడు.

"తాతా!" అందామనుకుంది. గాలి లేదు. షెడ్డు కప్పు మసకబారుతోంది.

అప్పుడు గాజు పగిలిన చప్పుడైంది.

చెల్లెలు ముందు సీట్లో కూర్చుని ఉంది. చేతిలో బల్ల మీది ఇనుప సుత్తి. మొదటి దెబ్బకి గడియారం పోయింది. రెండో దెబ్బకి ఎడమ పక్క అర తలుపు లోపలికి కూలిపోయింది.

"కారు! నా కారు!" గొంతు వదిలేసి పరిగెత్తాడు వాడు. "ఆపవే! ఆపు!" కారులోకి సగం దూరి, చెల్లెల్ని పట్టుకోవడం కూడా మర్చిపోయి, డాష్‌బోర్డుకి తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. సుత్తి అప్పటికే గాల్లోకి లేచి ఉంది. చెల్లెలు చూసింది. ఆపలేదు.

ఆ అరుపుకి తాత సుత్తి ఆగింది. ముసలాడు కుంటుకుంటూ వచ్చి, చొక్కా పట్టుకుని వాణ్ణి బయటికి ఈడ్చి, షెడ్డు స్తంభానికి చేరేసి, పారిపోకుండా ఎదురుగా నిలబడ్డాడు. పారిపోయే ఓపిక వాడికి లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పగిలిన గడియారం వంక చూస్తూ ఏడుస్తున్నాడు. తాత పోలీసులకి ఫోన్ చేశాడు.

సూదక్క పాక్కుంటూ కారు దాకా వెళ్ళింది. చెల్లెలి జుట్టులో గాజు పెంకులున్నాయి. తీద్దామని చెయ్యెత్తింది. చెల్లెలి మోచేతులు చటుక్కున పైకి లేచాయి.

సూదక్క చెయ్యి దించేసింది. తెరిచిన తలుపు పక్కన, గ్రీజులోనే చతికిలబడి, రెండు అరచేతులూ వెల్లకిలా మోకాళ్ళ మీద పెట్టుకుంది. తన్నులకి చితికిన తన పెదవి నుంచి నెత్తురు చుక్కలు చుక్కలుగా మోకాలి మీద పడుతోంది.

"లేపి తీసుకురావే దాన్ని, పోలీసులు వచ్చేస్తున్నారు," అన్నాడు తాత.

"రానీ తాతా. దానంతటదే రానీ," అంది.

ఎంతసేపో కూర్చుంది. చెల్లెలు సుత్తి మ్యాట్ మీద పెట్టింది. ఒక కాలు కింద పెట్టింది, తర్వాత రెండోది. వచ్చి అక్క పక్కన, జానెడు దూరంలో కూర్చుంది.

"ఇంకెప్పుడూ కొట్టకు," అంది.

"కొట్టనే."

"ఒట్టు వెయ్."

తల మీద చెయ్యి పెట్టి వెయ్యాలి. సూదక్కకి ఆ చెయ్యి ఎత్తడానికి ధైర్యం చాల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ దేనికీ అంత భయపడలేదు. చెల్లెలు ఆ చేతిని తనే పట్టుకుని ఎత్తి, గాజు పెంకులు లేని చోటు చూసి, తన తల మీద పెట్టుకుంది.