రెండు వైపులా సమానం

డర్బన్ పక్కనున్న చాట్స్‌వర్త్‌లో కారు ఎత్తు తగ్గించి కిందికి దింపించుకోవాలంటే ప్రెషెన్ దగ్గరికి పోవాలి. దింపించుకున్నాక చక్రాలు సరిచేయించుకోవాలంటే తవన్ దగ్గరికి రావాలి. రెండు షెడ్లకీ మధ్య ఒకటే గోడ. ప్రెషెన్ తవన్‌కి స్వయానా భార్య తమ్ముడు, పని నేర్చుకున్నది కూడా అతని దగ్గరే. నేర్చుకుని, గోడ అవతల తన బోర్డు పెట్టుకున్న రోజు నుంచి బావాబావమరుదులకు మాటల్లేవు.

అవతల గ్రైండర్ కూసిందంటే తవన్‌కి ఒళ్ళు మండేది. అది స్ప్రింగు కోస్తున్న చప్పుడు. కారు దింపడం తప్పని తవన్ ఎన్నడూ అనలేదు. పొట్టి స్ప్రింగులు తెచ్చి, వాటికి తగ్గ షాకబ్జర్లు వేస్తే కారు మలుపులో ఒరగకుండా నేలకి అతుక్కుని పోతుంది. కానీ ప్రెషెన్‌కి అంత ఓపికెక్కడిది? ఉన్న స్ప్రింగునే రెండు చుట్లు కోసిపారేసి, టైరుకీ పై రేకుకీ మధ్య వేళ్ళు పెట్టి చూస్తాడు. రెండు వేళ్ళు పడితే పెద్దమనిషి కారు, ఒక వేలు పడితే మగాడి కారు, వేలే దూరకపోతే దొర కారు. కుర్రాళ్ళందరికీ దొర కారే కావాలి. అలా దింపిన కారుకి ఎంత సరిచేసినా కొన్నాళ్ళకే చక్రాలు లోపలికి వాలిపోతాయి, వాటి మూతులు పక్కకు తిరుగుతాయి, బరువంతా టైరు లోపలి అంచు మీదే పడుతుంది. బయటినుంచి చూస్తే టైరు నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపలివైపు చెయ్యి పెడితే తీగలు గుచ్చుకుంటాయి.

తీగలు గుచ్చుకున్నవాడు ముందు ప్రెషెన్ మీదికే పోయేవాడు. ప్రెషెన్ చేతులు దులుపుకునేవాడు.

"దింపడం వరకే నా పని. చక్రాలు సరిచేసింది మా బావ, ఆయన్నే అడుగు. చూపు ఆనట్లేదేమో పాపం, వయసైపోయింది కదా."

ఆ 'పాపం' గోడ దాటి తవన్ చెవిన పడింది. తవన్ చెయ్యి పడిన కారులో స్టీరింగ్ వదిలేసి టీ తాగొచ్చని ముప్ఫై ఏళ్ళుగా అనిపించుకున్న మనిషి. ఆస్తులు లేవు, ఆ పేరొక్కటే ఉంది. తను అన్నం పెట్టి పని నేర్పినవాడే ఇప్పుడు దాన్ని తీరిగ్గా కూర్చుని కొరుక్కుతింటున్నాడు.

గుడ్‌ఫ్రైడేకి కొద్దిరోజుల ముందు లూషెన్ అనే కుర్రాడు తన తెల్ల గోల్ఫ్ కారు తీసుకొచ్చాడు. కొత్త టైర్లు వేయించాడు. దొర కార్లకే దొర అది, వేలు కాదు కదా కాగితం ముక్క కూడా దూరదు.

"ఈసారైనా సరిగ్గా పెట్టండంకుల్. పోయిన టైర్లు మొన్న వేసినట్టుంది, అప్పుడే అరిగిపోయాయి. మీరు కళ్ళజోడు మార్చుకోవాలంటున్నాడు ప్రెషెనన్న."

"స్ప్రింగులు కోసిందెవడ్రా?"

"అదంతా నాకెందుకంకుల్? కారు కిందుంది, చూడముచ్చటగా ఉంది. టైర్లు మీ డిపార్ట్‌మెంటు."

తవన్ కారుని అలైన్‌మెంటు మెషీను మీదికి ఎక్కించాడు. కొలతలన్నీ సరిచేసి, లూషెన్‌ని పిలిచి మెషీను తెర చూపించాడు.

"నీ కళ్ళతో నువ్వే చూడు. అంకెలన్నీ పచ్చగా ఉన్నాయా?"

"ఉన్నాయంకుల్."

"రేపెవడైనా అడిగితే ఆ మాట చెప్పు."

కుర్రాడు బ్రెడ్డు గుల్లలో కూర పోసిచ్చే బీన్స్ బన్నీ తినొస్తానని వీధి దాటాడు. అప్పుడు తవన్ తన చేతులు ఎన్నడూ చేయని పని చేశాడు. స్పానర్ మళ్ళీ అందుకుని, ముందు చక్రాల్ని పట్టి ఉంచే టై రాడ్లు తిప్పాడు. ముందు చక్రాలు బాతు పాదాల్లా చెరోవైపు చూసేదాకా తిప్పాడు. మనిషి కంటికి ఆనేంత కాదు, టైరుకి తెలిసేంత. స్టీరింగ్ మాత్రం నిటారుగా ఉంచాడు. కొత్త టైర్లు నాలుగు రోజుల్లో తీగలు బయటపెడితే, అలైన్‌మెంటు బాగానే ఉందని లూషెనే సాక్ష్యం చెబుతాడు. అప్పుడు ఆ కోత స్ప్రింగుల బండారం ఊరంతా చూస్తుంది. పోతే టైర్లు పోతాయి, మనుషులకేమవుతుంది అనుకున్నాడు. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాడు కూడా.

గుడ్‌ఫ్రైడే నాడు మౌంట్ ఎడ్జికోంబ్ గుడిలో మారియమ్మ పండగ. తవన్ భార్య కోగీ ఉపవాసముండి, తెల్లవారకముందే లేచి అంబలి కాచింది.

"ఈసారైనా అందరితో కలిసి రండి."

"నీ తమ్ముడు దణ్ణం పెట్టుకుని పోయాక వస్తా."

"అమ్మవారి ముందు కూడానా?"

"అమ్మవారిని అడిగే అన్నాడా వాడు నన్ను గుడ్డివాణ్ణని?"

బయట ప్రెషెన్ హారన్ కొట్టాడు. గేటు లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. కోగీ కుండ ఎత్తుకుని విసురుగా వెళ్ళిపోయింది.

కాసేపటికి వాన పట్టుకుంది. తవన్ టీ పెట్టుకుంటుండగా కోగీ ఫోన్ చేసింది.

"ఏవండీ, పసుపు పొట్లం బల్ల మీదే మర్చిపోయాను, తీసుకురండి. మేమప్పుడే హైవే ఎక్కాం. ప్రెషెన్ కారంతా కుండలే, కూర్చోడానికి చోటు లేదు. అందుకని అమ్మా, నేనూ, పిన్నివాళ్ళూ, వాడితో పండక్కొస్తున్న ఈ లూషెన్ కార్లో ఎక్కాం. అందరం కలిసి అయిదుగురం, ఒళ్ళో ఇంకో కుండ." నవ్వింది. "ఈ కారేంటండీ, తాగినవాడిలా తూలుతోంది!"

తవన్ కప్పు బల్ల మీద పెట్టేశాడు. బక్కపలచని కుర్రాడు ఒక్కడు నడిపే కారని తలచి తిప్పిన కొలత అది. దాని మీద ఇంతమంది మనుషులూ, కుండా. బరువుకి కారు ఎంత కూర్చుంటే చక్రాలు అంతంత పక్కకు తిరుగుతాయి. పైగా తడి రోడ్డు. గట్టిగా ఒక్క బ్రేకు తొక్కితే కారు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఈ సంగతంతా అతనికి తెలుసు. స్పానర్ పట్టుకున్న పూట కూడా తెలుసు.

"ఫోన్ లూషెన్‌కియ్యి!"

"నడుపుతున్నాడండీ. స్పీకర్లో పెట్టా, మాట్లాడండి."

"లూషెన్, మెల్లగా పోనియ్. బ్రేకు గట్టిగా తొక్కకు. ముందొచ్చే పెట్రోల్ బంకులో ఆపు."

"ఏమైందంకుల్?"

కారులో అందరూ వింటున్నారు.  తవన్ ఉన్న రెండు సిగ్గుల్లో చిన్నదాన్ని ఏరుకున్నాడు.

"నట్టు... టై రాడ్ నట్టు బిగించడం మర్చిపోయానేమోనని అనుమానం."

"ఓరి నీ అలైన్‌మెంటు తగలెయ్య!" అంది అత్తగారి గొంతు.

తవన్ తన బక్కీ ట్రక్కులో బంకు చేరేసరికి ఆడవాళ్ళందరూ బంకు పైకప్పు కింద కుండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళతోపాటే ఆగిన ప్రెషెన్ తడి సిమెంటు మీద మోకాళ్ళేసుకుని, గోల్ఫ్‌కి రెండువైపులా చేపల గాలం దారం బిగించి, స్కేలుతో చక్రాల వంకర కొలుస్తున్నాడు. తవన్‌ని చూసి లేచాడు.

"రా బావా. నట్లు చూశాను. ఊడదీయాలన్నా ఊడవు, అంత బిగువుగా ఉన్నాయి."

"అయితే దారిలో ఏ గుంతో తగిలుంటుంది."

"గుంత తగిలితే ఒక పక్కే పోతుంది." ప్రెషెన్ స్కేలు చక్రానికి ఆనించాడు. "ఎడమవైపు ఎంత తెరుచుకుందో కుడివైపూ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు. స్టీరింగ్ చూస్తే నిటారుగా ఉంది. మరుపుకి ఇలా రాదు బావా. చేతకానితనానికి అసలే రాదు. తప్పుని ఇంత సమానంగా పెట్టగలిగినవాడు ఈ డర్బన్‌లో ఒక్కడే ఉన్నాడు. వాడి దగ్గరే నేను పని నేర్చుకున్నా."

"స్ప్రింగులు కోసి కార్లని చంపేదెవడ్రా? నింద నా మీద వేసేదెవడు?"

"కోశాను. నింద కూడా వేశాను. కోసిన ముక్కలు నా షెడ్డు ముందే పడుంటాయి, ఎవడైనా చూసుకోవచ్చు. నీలాగా చాటుగా చెయ్యలేదు."

"తెర మీద పచ్చగా చూపించారు కదంకుల్..." అన్నాడు లూషెన్. కోపం కూడా లేదు వాడి గొంతులో, నమ్మలేకపోతున్నాడంతే.

కోగీ కుండ కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"ఈ కారు నేనెక్కుతానని తెలుసా మీకు?"

"తెలీదు కోగీ, అమ్మవారి మీద ఒట్టు. తెలిస్తే చేస్తానా?"

"చెయ్యరు." ఆమె అతని ముఖంలోకే చూస్తోంది. "మరి ఎవరెక్కుతారనుకుని చేశారు?"

తవన్ తల తిప్పి లూషెన్ వైపు చూశాడు. 

ప్రెషెన్ జాకీ తెచ్చి కారెత్తాడు. తవన్ తడిలోనే వెల్లకిలా పడుకుని కిందికి దూరి, టై రాడ్లు రెండూ వెనక్కి తిప్పాడు. చేతులు తడబడలేదు, దానికే అతనికి తన మీద అసహ్యమేసింది. ఈలోగా ఆడవాళ్ళు ప్రెషెన్ కారులో కుండల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. కోగీ కూడా వాళ్ళతోనే ఎక్కింది. బక్కీలో ఆమె కూర్చునే చోటు ఖాళీగానే ఉంది.

తవన్ లేచి చేతులు తుడుచుకుని తాళం చెవి అందించబోయాడు. లూషెన్ దాన్ని అందుకోలేదు. ప్రెషెన్ వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వోసారి కొలిచి చూడవా?"

ప్రెషెన్ మళ్ళీ దారం బిగించాడు. అతను ఎడమవైపు కొలిచి, కుడివైపు కొలిచి, సరిగ్గానే ఉందని చెప్పేదాకా తవన్ తాళం చెవి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.