అటువైపు తిప్పిన తెర

రాజేందర్ ఆ డాకింగ్ స్టేషన్ కొన్నది చెంపదెబ్బ తిన్న తర్వాత.

సూర్యాపేటలో ఖమ్మం రోడ్డు మీద, ఎరువుల దుకాణం పైగదిలో అతని సర్వే ఆఫీసు. లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది ఒక్క ల్యాప్‌టాప్‌తోనే నెట్టుకొచ్చాడు. పొలం కొలిచి వచ్చి గీతలు గీస్తుంటే, బల్లకు అవతల కూర్చున్న రైతుకు ల్యాప్‌టాప్ మూత తప్ప ఏమీ కనిపించేది కాదు. ఒకరోజు ఒక పెద్దమనిషి బల్ల మీదుగా వంగి అతని కాలర్ పట్టుకున్నాడు. "లోపల్లోపల ఏం గీకుతున్నవ్‌రా నా భూమిని" అని చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. మూడు రోజులు ఆ చెవిలో హోరు తగ్గలేదు. నొప్పి తగ్గాక, ఆ కుర్చీలో తాను ఉన్నా అట్లాగే చేసేవాడినేమో అనిపించింది రాజేందర్‌కు.

వారం తిరగకుండా డాక్ తెచ్చాడు. అరచేతి కంటే కాస్త పెద్దదైన ఇనుప డబ్బా, చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేది. రెండు మానిటర్లు, కీబోర్డు, మౌస్, ప్రింటర్ అన్నింటి తీగలూ దాని వెనక గుచ్చాడు. దాని నుంచి ల్యాప్‌టాప్‌కు ఒక్కటే తీగ. పొలం నుంచి రాగానే ఆ తీగ పెడితే చార్జింగ్‌తో సహా అన్నీ ఒక్కసారిగా మేల్కొనేవి. ఒక మానిటర్ తనవైపు ఉంచుకుని, రెండోది వచ్చినవాళ్ల వైపు తిప్పాడు. అతను మౌస్ కదిపితే గీత వాళ్ల కళ్ల ముందే కదిలేది. "గాడ కాదు సారూ, తుమ్మచెట్టుకు ఇవతల" అని వాళ్లే చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత రెండేళ్లు అతని మీద ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

అప్పుడు వచ్చింది ద్వాళి అనే ముసలామె పని.

మోతె మండలంలో ఒక తండా ఆమెది. అరవై దాటింది, భర్త లేడు. కొడుకు ఫూల్‌సింగ్ మేస్త్రీ పనికి పోతాడు. ఆమె ఎకరం పది గుంటలను ఆనుకుని సత్యనారాయణ భూమి ఉంది. ఆయన కోదాడలో సిమెంటు వ్యాపారం పెట్టి ఇరవై ఏళ్లు. పొలం సంగతి కొడుకు పవన్ చూసుకుంటాడు. ఏటా దుక్కి దున్నేటప్పుడు పవన్ ట్రాక్టర్ హద్దు గెట్టు మీదికి నాలుగైదు అడుగులు ఎక్కేది. ఈ ఎండాకాలానికి ద్వాళి బావి కూడా గెట్టుకు అవతలికి వెళ్లిపోయింది. ఇదేమిటని అడగబోయిన ఫూల్‌సింగ్‌ను పవన్ పార కామతో తల మీద కొట్టాడు. తొమ్మిది కుట్లు పడ్డాయి.

పోలీసులు వచ్చి, ఇద్దరూ కలిసి ఒక సర్వేయర్‌ను పెట్టుకోవాలని, అతను తీసిన మ్యాపు మీద ఇద్దరూ సంతకం చేయాలని చెప్పారు. ఇద్దరూ ఒప్పుకున్నది రాజేందర్ పేరునే. మన లంబాడీ పిల్లగాడని ద్వాళి ఒప్పుకుంది. కోదాడలో తన ప్లాట్లు సరిగా కొలిచాడని సత్యనారాయణ ఒప్పుకున్నాడు.

కొలిచిన రోజంతా పవన్ అతని పక్కనే నడిచాడు. "లెక్క తప్పుతే నీ కాళ్లు గూడ తప్పుతయ్" అని మామూలు మాటలాగే మధ్యమధ్య అన్నాడు. రాజేందర్ నోరు ఎండిపోయింది గాని కొలత మానలేదు. సాయంత్రానికి లెక్క తేలింది. ద్వాళి భూమిలో పద్నాలుగు గుంటలు, బావితో సహా, సత్యనారాయణ వైపు ఉన్నాయి.

మర్నాడు పదకొండింటికి నలుగురూ ఆఫీసుకు వచ్చారు. ద్వాళి, తలకు కట్టుతో ఫూల్‌సింగ్ ఒకవైపు కూర్చున్నారు. సత్యనారాయణ ఇంకోవైపు కూర్చున్నాడు. పవన్ కూర్చోలేదు. రాజేందర్ తీగ పెట్టాడు. రెండు తెరలూ వెలిగాయి. పైనుంచి తీసిన పొలం ఫొటో మీద ఎర్ర గీత పడింది.

ద్వాళికి చదువు రాదు. కాని తెర దగ్గరికి వంగి గుండ్రటి నల్ల మచ్చ మీద వేలు పెట్టింది. "ఇది నా బాయి. నా పెనిమిటి తవ్విండు. గీత దానికి అటు దిక్కున ఉన్నది గదా బేటా?"

"అటు దిక్కునే ఉన్నది యాడీ. బాయి నీదే" అన్నాడు రాజేందర్, లంబాడీలో అమ్మా అని పిలుస్తూ.

సత్యనారాయణ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోదాడ వ్యాపారంలో ఆయన మాట కొంచెం ఆంధ్ర వైపు ఒరిగింది. "మళ్లీ ఒకసారి చూడవయ్యా. పొరపాట్లు జరుగుతుంటాయి."

"మూడుసార్లు చూసిన సార్."

"ముందుగాల ఆ స్క్రీన్ బంద్ చెయ్" అన్నాడు పవన్. "మా బాపుతోటి మాట్లాడు. ఆమెకు సినిమా చూపెట్టుడు ఎందుకు?"

"ఇద్దరికి చూపెట్టాలె. గట్ల అనే ఒప్పుకున్నం."

పవన్ చెయ్యి చాచి ల్యాప్‌టాప్ నుంచి తీగ పీకేశాడు. రెండు తెరలూ నల్లబడ్డాయి. "ఇగ ఏడున్నది నీ మ్యాపు?"

గొడవ చల్లారాలనే రాజేందర్ మెల్లగా చెప్పాడు. "మ్యాపు ఆ డబ్బాల ఉండదు పవన్ సార్. ఈ ల్యాప్‌టాప్‌ల ఉంటది." మ్యాపు ఎక్కడుందో తానే చూపించానని అతనికి ఆ క్షణంలో తోచలేదు. తీగ మళ్లీ పెట్టాడు. నాలుగైదు సెకన్లకు తెరలు వెలిగాయి. ద్వాళి వేలు మళ్లీ ఆ మచ్చ దగ్గరికి వెళ్లింది.

పవన్ ఆ మానిటర్‌ను రెండు చేతులా పెకిలించి ఎత్తాడు. ఫూల్‌సింగ్ తల్లిని వెనక్కి నెట్టి అడ్డం వచ్చాడు. మానిటర్ అంచు సరిగ్గా అతని కుట్ల మీద పడింది. కట్టు కింద నుంచి నెత్తురు చెవిలోకి, మెడ మీదికి కారింది. అతను గోడకు జారి కూర్చుండిపోయాడు. పవన్ రెండోసారి కొట్టాడు. తెర పగిలి ముక్కలు ద్వాళి ఒళ్లో పడ్డాయి.

"పవన్, వద్దురా" అన్నాడు సత్యనారాయణ, లేవకుండానే.

పవన్ మానిటర్ వదిలేసి ల్యాప్‌టాప్ లాక్కున్నాడు. బల్ల అంచుకు వేసి బాదడానికి పైకెత్తాడు. రాజేందర్ చేతికి దొరికింది డాక్. ఎత్తితే వెనక తీగలన్నీ ఊడి వచ్చాయి. మొదటి దెబ్బ పవన్ మణికట్టు మీద పడింది. ల్యాప్‌టాప్ కింద పడింది. అక్కడితో ఆగి ఉండవచ్చు. ల్యాప్‌టాప్ దక్కింది, పవన్ చెయ్యి వేలాడుతోంది. రాజేందర్ రెండో దెబ్బ ఎడమ కంటి కింద వేశాడు. ఇనుప మూల ఎముకకు తగిలిన శబ్దం విన్నాడు. పవన్ మోకాళ్ల మీద కూలిపోయాక అదే చోట మూడోది వేశాడు. భయం లేదు, కోపం కూడా లేదు. నిన్నటి నుంచి ఎండిన నోట్లో నీళ్లు ఊరినట్టు ఒక సుఖం. నాలుగోదానికి ఎత్తిన చేతిని ద్వాళి రెండు చేతులా పట్టుకుని వేలాడింది.

సత్యనారాయణ భుజం మీది కండువా తీసి కొడుకు కంటికి అదిమిపెట్టాడు. ఆయన అరవలేదు. "పోవయ్యా" అన్నాడు రాజేందర్‌తో. "నా కళ్ల ముందు నిలబడకు. నేనేం చేస్తానో నాకే తెలీదు."

రాజేందర్ మిర్యాలగూడ బస్సు ఎక్కాడు. అక్కడి నుంచి ఆటోలో త్రిపురారం వెళ్లాడు. భార్య స్రవంతి సెలవులకని పుట్టింట్లో ఉంది. చొక్కా మీది నెత్తురు చూసి, "నీదా?" అని అడిగింది. కాదంటే ఇంకేమీ అడగకుండా చొక్కా విప్పించి నీళ్లలో వేసింది.

తెల్లారి మధ్యాహ్నం కోదాడ నుంచి కారులో నలుగురు వచ్చారు. రాజేందర్ కాలువ గట్టు మీద ఒక్కడే ఉన్నాడు. ముందు కాళ్ల మీద కొట్టి పడేశారు. కడుపులో తన్నారు. ఒకడు అతని కుడిచెయ్యి తూము రాతి మీద పెట్టి మోకాలితో తొక్కిపట్టాడు. "మౌస్ పట్టే చెయ్యి ఇదేనా?" అని ఇంకొకడు అడిగి, ఇనుప రాడ్‌తో వేళ్ల మీద కొట్టాడు. రెండు దెబ్బలకు రాజేందర్ అరుపు ఆగిపోయింది. మూడో దెబ్బ పడేలోగా స్రవంతి పొలం నుంచి కొడవలితో పరుగెత్తుకొచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా రాడ్ పట్టిన చేతిని మోచేతి కింద కోసింది. వాళ్లు వాడిని ఎత్తుకుని కారెక్కారు. ఆమె ఆ కొడవలి పట్టుకునే దవాఖాన దాకా వచ్చింది. వేళ్లు బిగుసుకుపోతే నర్సు ఒక్కొక్కటే విప్పింది.

మిర్యాలగూడ దవాఖాన మంచం మీదనే పోలీసులు రాజేందర్‌ను అరెస్టు చేశారు. ఇరవై రెండు రోజులు జైల్లో ఉన్నాడు. బెయిల్ మీద బయటికి వచ్చేసరికి జరగవలసినవన్నీ జరిగిపోయాయి. పవన్ ఎడమ కంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు. ఫూల్‌సింగ్‌కు ఒక చెవి వినపడటం లేదు. సత్యనారాయణ వకీలు, ఒక పక్షాన్ని కొట్టి కన్ను తీసిన సర్వేయర్ కొలత ఎట్లా నమ్ముతారని కాగితం పెట్టాడు. మ్యాపు రద్దయింది. కేసు తేలేదాకా లైసెన్సు కూడా ఆపేశారు. ఈలోగా ఒకరోజు పొద్దున్నే జేసీబీ వచ్చి ద్వాళి బావిని రాళ్లతో, మట్టితో పూడ్చేసింది.

ద్వాళి సూర్యాపేటలో అతని ఇంటికి వచ్చింది. స్రవంతి చాప వేస్తే కూర్చుంది. అతని చేతి కట్టు వైపు చాలాసేపు చూసి, లంబాడీలోనే మాట్లాడింది.

"ఒక్క దెబ్బకు నేనేమనను బేటా. నా కొడుకు నెత్తురు చూసి కొట్టినవ్. దాని మీద కొట్టిన రెండు దెబ్బలు ఎవలి మీద పడ్డయో తెలుసునా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు.

"నా భూమి మీద పడ్డయ్" అంది. "నీ మ్యాపు కాగితం మీద ఒక్క సంతకం దాకా వచ్చింది. నువ్వు ఆగుంటే వాడు కొట్టినోడు, మేము దెబ్బలు తిన్నోళ్లం. ఇప్పుడు అందరం ఒక్కటే అయినం."

"తప్పయింది యాడీ."

"తప్పయిందంటే బాయి తేలుతదా?" ఆమె గొంతు పెంచలేదు. స్రవంతి ఇచ్చిన చాయ్ మొత్తం తాగి, గ్లాసు గోడ వారగా పెట్టి వెళ్లిపోయింది. ఆ రాకలో అతనికి శాపం లేదు, క్షమ కూడా లేదు.

చలికాలం చివర మిర్యాలగూడ నుంచి దీప్తి అనే సర్వేయర్ వచ్చి మళ్లీ కొలిచింది. ఈసారి పోలీసులు పొలంలోనే నిలబడ్డారు. రాజేందర్ గీతకూ ఆమె గీతకూ జానెడు తేడా కూడా రాలేదు. పద్నాలుగు గుంటలూ ద్వాళికి వచ్చాయి. నీళ్లు లేవు. అప్పటికే ఒక పంట పోయింది, రెండోదీ వేయలేదు. ఫూల్‌సింగ్ ఖాళీ రోజుల్లో పూడిన బావిలోకి దిగి రాళ్లు తీస్తున్నాడని రాజేందర్‌కు కబురు తెలిసింది. తానూ వస్తానని కబురు పంపాడు. జవాబు రాలేదు.

కోర్టులో వాయిదా రోజున రాజేందర్, పవన్ ఒకే వరండాలో బల్లకు చెరో చివర కూర్చున్నారు. రాజేందర్ కుడిచేతి రెండు వేళ్లు ఇంకా ముడుచుకోవు. పవన్ నల్లద్దాలు పెట్టుకున్నాడు. గంటసేపటికి పవనే నోరు తెరిచాడు.

"ఒకటి అడగాలె. ఆ ముసలామె పట్టుకోకుంటే ఇంకోటి కొట్టేటోనివా?"

రాజేందర్ అబద్ధం చెప్పవచ్చు. పక్కనే వకీలు కూడా లేడు. "కొట్టేటోన్ని" అన్నాడు.

పవన్ తల ఊపాడు. "ఫూల్‌సింగ్‌ను పొలం కాడ కొట్టిననాడు నేను గూడ కామ మళ్లా లేపిన. పడ్డంక గూడ. ఆనాడు మా బాపు గూడ ఆడనే ఉండె, చెయ్యి పట్టిండు. లేకుంటే ఖతం అయ్యేటోడు." నల్లద్దాలు సర్దుకుని, "మంచిగనే అనిపించింది అప్పుడు" అన్నాడు.

"నాకు గూడ" అన్నాడు రాజేందర్.

బంట్రోతు పేర్లు పిలిచాడు. లోపలికి వెళ్తూ పవన్ ఎడమ పక్క తలుపు రెక్కకు భుజం గుద్దుకుని తూలాడు. రాజేందర్ పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పవన్ తనంతట తనే నిలదొక్కుకుని లోపలికి నడిచాడు.

ఆ రోజు విచారణ జరగలేదు. కేసు వచ్చే నెలకు వాయిదా పడింది.